యుద్ధం లేని రోజులు: సూరత్ విడిదిలో తిలంగా సిపాయి

మొదటి ఆంగ్ల–మరాఠా యుద్ధాన్ని వర్ణించే చరిత్ర గ్రంథాలు సాధారణంగా కర్నల్ గొడార్డ్ సేన 1779 ఫిబ్రవరి చివరివారంలో సూరత్ చేరిందని చెబుతాయి. కొద్ది వాక్యాల తరువాత, 1780 జనవరిలో అది తపతీనదిని దాటి ఉత్తరదిశగా కదిలిందని చెబుతాయి. ఈ రెండు సంఘటనల మధ్య పది నెలల కాలం ఉన్నది. ఆ పది నెలలూ వేలాది కాలిబంటులు ఆ నగర పరిసరాలలో వండుకున్నారు, నిద్రించారు, కవాతు చేశారు, వానలో తడిశారు, ఇంటికి ఎప్పుడు తిరిగి వెళ్ళగలమా అని ఎదురుచూశారు. సేనానులకు అది సంప్రదింపుల కాలం. సిపాయికి మాత్రం యుద్ధమంటే ప్రధానంగా అదే. ఒక దండయాత్రలో పోరాడిన దినాలను వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. వేచి ఉన్న దినాలను లెక్కించడానికి పంచాంగం కావాలి.

యుద్ధసాహిత్యం విలువ కట్టేటప్పుడు విమర్శకులు సాధారణంగా పోరాట ఘట్టాలను తూచి చూస్తారు. వీరరసం ఎంతవరకు పండినది, కరుణ ఎక్కడ మేళవించినది అన్నవి వారి ప్రశ్నలు. యుద్ధరంగానికి వెనుక గడిచే రోజులను ఒక రచన ఎట్లా పట్టుకున్నదన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. సైనికుణ్ణి మనిషిగా చూపగలిగిన రచన ఏది, సంఖ్యగానో ప్రతిమగానో మిగిల్చిన రచన ఏది అన్న సంగతి ఆ రోజుల చిత్రణలోనే తేలుతుంది. ఈ పరీక్షకు సూరత్ విడిది తగిన ఆధారం. ఆ విడిదిలో ఉన్న సిపాయికి ఆనాటి లోకం పెట్టిన పేరు తెలుగువారిది కావడం వల్ల తెలుగు పాఠకునికి ఈ ప్రశ్న మరింత దగ్గరిది.

ముందుగా సందర్భం. పీష్వా పదవికోసం పోరాడి ఓడిన రఘునాథరావు బొంబాయి ఆంగ్లేయులను ఆశ్రయించాడు. 1775 మార్చిలో కుదిరిన సూరత్ ఒప్పందం ప్రకారం కంపెనీ అతనికి 2,500 మంది సైన్యాన్ని సమకూర్చాలి. అందుకు ప్రతిగా అతడు సాష్టీ, వసాయి ప్రాంతాలను ఇచ్చి, సైన్యం ఖర్చు నిమిత్తం నెలకు లక్షన్నర రూపాయలు చెల్లించాలి. నగదు లేనందున నగలు కుదువబెట్టాడు. ఒక రాజ్యాధికార వివాదం నెలసరి అద్దెగా మారిన పత్రమిది. అందులో సిపాయికి వెల ఉన్నది, పేరు లేదు. కలకత్తాలోని కంపెనీ ప్రభుత్వం ఈ ఒప్పందాన్ని నిరాకరించి 1776లో పురందర్ సంధి చేసుకున్నది. అయినా వివాదం ఆగలేదు.

1778 మే నెలలో బెంగాలు సైన్యంలోని ఆరు సిపాయి పటాలాలు, కొంత ఆశ్వికదళం, ఫిరంగులు కాల్పీ వద్ద యమునానదిని దాటి పడమటి తీరానికి బయలుదేరాయి. నాయకుడు లెస్లీ అక్టోబరులో దారిలోనే మరణించగా గొడార్డ్ ఆ బాధ్యత వహించాడు. దళం బుర్హాన్‌పూర్ చేరే సమయానికి, పూనా మీదికి వెళ్ళిన బొంబాయి సేన 1779 జనవరిలో వడగావ్ వద్ద లొంగిపోయింది. ఆ వార్త అందిన గొడార్డ్ దారి మార్చి వేగంగా సూరత్ చేరుకున్నాడు. అక్కడినుంచి పూనాలోని నానా ఫడ్నవీసుతో రాయబారాలు సాగాయి. రఘునాథరావు తప్పించుకుని వచ్చి సూరత్‌లోనే గొడార్డ్ రక్షణ పొందాడు. అంతలో వానకాలం వచ్చింది. నల్లరేగడి నేల మీద ఫిరంగిబండి కదలని ఋతువది. రాయబారాలు విఫలమయ్యేసరికి సంవత్సరం చివరికి వచ్చింది.

ఈ కాలంలో ఒక పటాలం దినచర్య ఎట్లా ఉంటుందో కంపెనీ సైన్యాల ఆచారాలను బట్టి గ్రహించవచ్చు. తెల్లవారకముందే తంబురు మ్రోగుతుంది. ఎండ ముదరకముందు కవాతు ముగుస్తుంది. ఆ తరువాత పటాలం మొత్తం వందలాది పొయ్యిలుగా విడిపోతుంది. బెంగాలు సైన్యంలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతాల అగ్రకులాలవారు. ఎవరి వంట వారిదే. ఎవరి చెంబు వారిదే. ప్రభుత్వం అన్నం పెట్టదు. సిపాయి తన జీతంలోనే పిండి, పప్పు, నెయ్యి, కట్టెలు కొనుక్కోవాలి. దండు వెంట నడిచే బజారే అతని కిరాణా దుకాణం, వడ్డీవ్యాపారి ఇల్లు, వార్తల చావడి. ఆ బజారుకు ధాన్యం చేర్చేవారు బంజారాలు. తెలుగుదేశంలో లంబాడీలుగా తెలిసిన ఈ జనం ఎద్దుల మందలమీద గోనెలు వేసి దక్కన్ అంతటా సేనలకు తిండి మోశారు. సైనికుల కంటె దండు వెంట వచ్చే పరివారం ఎన్నో రెట్లు ఎక్కువ: నీళ్ళు మోసే భిస్తీలు, గడ్డి కోసేవారు, ఒంటెలవాళ్ళు, డోలీ బోయీలు, చాకళ్ళు, వంటవాళ్ళు, స్త్రీలు, పిల్లలు. దండు అనే మాటకు ఈ మొత్తం అర్థం. తుపాకి పట్టినవాడు అందులో ఒక భాగం మాత్రమే.

కదిలే సైన్యానికి భత్యం ఎక్కువ, నిలిచిన సైన్యానికి తక్కువ. బజారులో ధరలు మాత్రం నిలిచిన సైన్యం చుట్టూనే పెరుగుతాయి. అందువల్ల విడిదిలో గడిచే ప్రతి నెలా సిపాయి సంచిలో లెక్కగా నమోదవుతుంది. వీరత్వాన్ని గురించి పద్యం వ్రాయడానికి ఈ లెక్క అవసరం లేదు. సిపాయి మనస్సు తెలుసుకోవడానికి మాత్రం ఇది తప్పనిసరి.

ఆ సిపాయి పేరు సంగతి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఉత్తర భారతప్రజలు కంపెనీ కాలిబంటును 'తిలంగా' అని పిలిచారు. 1756 చివర క్లైవు మద్రాసునుంచి బెంగాలుకు వెళ్ళినప్పుడు వెంట సుమారు 1,500 మంది సిపాయిలు ఉన్నారు. వారందరూ తెలుగువారు కారు; అయినా దక్షిణపు తీరంనుంచి, తెలుగు నాడునుంచి వచ్చినవారిగా బెంగాలు జనం వారిని గుర్తించారు. తరువాత బెంగాలులోనే పటాలాలు ఏర్పడి, అవధ్ రైతుబిడ్డలు ఎర్రకోటు తొడిగినా పేరు మారలేదు. 1857 నాటికి కూడా ఢిల్లీ పౌరులకు సిపాయి తిలంగాయే. గొడార్డ్ వెంట సూరత్ చేరిన అవధీ యువకుడు తెలుగుదేశాన్ని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. కాని హిందుస్తానీలో అతని వృత్తి పేరు ఆ దేశం పేరే. ఒక జాతి పేరు ఒక ఉద్యోగం పేరుగా మారి ఉపఖండమంతా నడిచింది. ఆ నడకను గురించిన ఒక్క పుట కూడా తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధికి రాలేదు.

పడమటి తీరపు ఈ యుద్ధంలో దండు జీవితాన్ని కళ్ళకు కట్టించిన ప్రసిద్ధ రచన ఒకటి ఉన్నది. అది జేమ్స్ ఫోర్బ్స్ వ్రాసిన 'ఓరియంటల్ మెమాయిర్స్'. కంపెనీ ఉద్యోగిగా బొంబాయి వచ్చిన ఫోర్బ్స్ 1775లో రఘునాథరావుకు సహాయంగా వెళ్ళిన కర్నల్ కీటింగ్ సేనలో కార్యదర్శిగా ఉన్నాడు. తరువాత డభోయీలో పరిపాలనాధికారి అయ్యాడు. పదిహేడు సంవత్సరాలు భారతదేశంలో ఉండి వ్రాసిన ఉత్తరాలనుంచి ఎంపిక చేసి, 1813లో లండన్‌లో నాలుగు సంపుటాలుగా ఈ గ్రంథాన్ని ప్రకటించాడు.

ఫోర్బ్స్ చిత్రకారుడు. పక్షినీ, పువ్వునూ ఎంత శ్రద్ధతో చూశాడో రఘునాథరావు దండును అంత శ్రద్ధతోనే చూశాడు. ఆ దండు ఒక కదిలే నగరం. అందులో వీధులు, అంగళ్ళు, వృత్తులవారు, వినోదాలు అన్నీ ఉన్నాయి. వేసవి ఎండ, దుమ్ము, నీటి కొరత ఆయన వర్ణనలో సజీవంగా నిలుస్తాయి. గ్రామాలు పాడుపడిన దృశ్యం ఆయనను కలచివేసింది. యుద్ధంలో పోరాటం కంటె విడిది పెద్దదన్న సత్యాన్ని గ్రహించిన రచయితలలో ఫోర్బ్స్‌కు గౌరవస్థానం ఉన్నది.

అయినా ఆ చూపుకు ఒక హద్దు ఉన్నది. ఫోర్బ్స్ దండును చూసిన ఎత్తు గుఱ్ఱం మీద కూర్చున్న మనిషి ఎత్తు. అక్కడినుంచి బజారు మొత్తం కనిపిస్తుంది. ఒక పొయ్యి ముందు కూర్చున్న ఇద్దరు ఏమి మాట్లాడుకుంటున్నారో వినిపించదు. ఆయన వర్ణనలో సమూహాలు ఉన్నాయి, వేషాలు ఉన్నాయి, ఆచారాలు ఉన్నాయి. పేరు, ఊరు, అప్పు, అలక గల సిపాయి ఒక్కడు కూడా పాఠకుని మనస్సులో నిలవడు. ఇది ఫోర్బ్స్ దయాగుణంలోని లోపం కాదు. చిత్రలేఖనం గద్యానికి ఇచ్చిన పద్ధతి వల్ల వచ్చినది. దూరంనుంచి చూస్తే దృశ్యం సంపూర్ణంగా ఉంటుంది. ఆ సంపూర్ణత కోసం మనిషిని వదులుకోవలసి వచ్చింది.

ఒక కాలసామ్యం ఇక్కడ గమనార్హం. ఫోర్బ్స్ 1784లో స్వదేశానికి తిరిగి వెళ్ళాడు. వెంట తీసుకువెళ్ళిన ఉత్తరాలు, చిత్రాలు తరువాత గ్రంథమయ్యాయి. అదే 1784లో, సాల్బాయి సంధి ముగిసిన తరువాత, కాల్పీనుంచి బయలుదేరిన దళంలో మిగిలినవారు భూమార్గాన తమ ప్రాంతానికి చేరుకున్నారు. దాదాపు ఆరు సంవత్సరాల ప్రవాసానికి గుర్తుగా వారికి కంపెనీ ఒక పతకం ఇచ్చింది. దక్కన్ పతకంగా పేరొందిన దానిమీద పారశీ లిపిలో వాక్యాలు ఉన్నాయి. ఒకరికి నాలుగు సంపుటాలు, మరొకరికి ఒక బిళ్ళ. ఆ బిళ్ళమీది భాష కూడా సిపాయి ఇంట మాట్లాడుకునేది కాదు.

సిపాయి తానే చెప్పుకున్న కథగా ప్రసిద్ధమైన గ్రంథం సీతారాంది. 'ఫ్రమ్ సిపాయ్ టు సుబేదార్' అన్న పేరుతో 1873లో వెలువడిన ఈ ఆంగ్లానువాదాన్ని నార్గేట్ అనే సైనికాధికారి చేశాడు. అవధ్‌కు చెందిన సీతారాం 1812లో చేరి, దాదాపు అర్ధశతాబ్దం సేవ చేసి, సుబేదారుగా విరమించాడు. గూర్ఖా యుద్ధం, పిండారీల వేట, అఫ్గానిస్తాన్‌లో బందీగా బానిసత్వం, సిక్కు యుద్ధాలు, చివరకు 1857లో తిరుగుబాటుదారుల పక్షాన పట్టుబడిన సొంత కుమారుని మరణశిక్ష – కథ ఇంత విస్తృతమైనది.

ఈ గ్రంథంలో నిలిచిపోయేవి యుద్ధవర్ణనలు కావు. మొదటిసారి తొడిగిన ఎర్రకోటు చంకల క్రింద బిగుసుకుపోవడం, తలమీది టోపీ బరువు, కవాతు మైదానంలో అర్థంకాని భాషలోని ఆజ్ఞలు, సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు కులంవారు వేసే ప్రశ్నలు, ప్రాయశ్చిత్తానికి అయ్యే ఖర్చు – ఇవి పాఠకుని వెంట వస్తాయి. సైన్యంలో గడిచిన జీవితం ఊరిలో గడవవలసిన జీవితాన్ని ఎట్లా చెరిపివేసిందో ఈ చిన్న సంగతులే చెబుతాయి. ఫోర్బ్స్ గుఱ్ఱంపైనుంచి చూడలేకపోయిన పొయ్యి ఇక్కడ దగ్గరగా కనిపిస్తుంది.

కాని ఈ గ్రంథానికి మూలప్రతి దొరకలేదు. సీతారాం ఏ మాటలతో చెప్పాడో తెలియదు. అనువాదకుడు ఎంత కలిపాడు, ఎంత తీశాడు, అసలు సీతారాం అనే వ్యక్తి ఉన్నాడా అన్న చర్చ పండితులలో చాలాకాలంగా సాగుతున్నది. పూర్వకాలపు ఆంగ్ల అధికారులను మెచ్చుకుంటూ కొత్తవారిని తప్పుబట్టే ధోరణి కొన్నిచోట్ల సిపాయి అభిప్రాయంగాను, కొన్నిచోట్ల అధికారి అభిప్రాయంగాను ధ్వనిస్తుంది. తరువాతి కాలంలో ఆంగ్ల అధికారులు హిందుస్తానీ నేర్చుకోవడానికి దీనిని తిరిగి ఆ భాషలోకి మార్చి పాఠ్యగ్రంథంగా వాడారు. సిపాయి మాట దొరవారి భాషలోకి వెళ్ళి, దొరవారి పరీక్షకోసం తిరిగి వచ్చింది. సిపాయి చదువుకోవడానికి మాత్రం రాలేదు.

ఇది ఒక్క గ్రంథానికి పట్టిన గతి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న భారతీయ సైనికుల ఉత్తరాలను సైనిక సెన్సారు శాఖ చదివి, ఎంపిక చేసిన భాగాలను ఆంగ్లంలోకి అనువదించి నివేదికలు తయారుచేసింది. ఆ నివేదికలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటినుంచి డేవిడ్ ఒమిస్సీ కూర్చిన సంకలనం 1999లో వెలువడింది. చలి, తిండి, పొలం పన్ను, తమ్ముడి పెండ్లి, ఇంటిగేదె సంగతి – యుద్ధరంగానికి వెనుక గడిచిన దినాలన్నీ అందులో ఉన్నాయి. అసలు ఉత్తరాలు మాత్రం ఊళ్ళకు చేరి, చాలావరకు కాలంలో కలిసిపోయాయి. సిపాయిని నమ్మని వ్యవస్థ చేసిన నకలే అతని మాటకు నేడు ప్రధాన ఆధారం. సూరత్ దండుకు ఆ నకలు కూడా లేదు.

ఇక తెలుగు సాహిత్యం వైపు చూస్తే, విడిది జీవితం మన సంప్రదాయానికి పూర్తిగా పరాయిది కాదని తెలుస్తుంది. వ్యాసభారతం ఉద్యోగపర్వంలో కురుక్షేత్రం వద్ద శిబిర నిర్మాణాన్ని వర్ణిస్తూ నీరు, కట్టెలు, తేనె, నెయ్యి, జీతంమీద నియమించిన వైద్యులు, శిల్పులు ప్రస్తావనకు వస్తారు. గీతోపదేశానికి ముందు గడ్డిమోపుల లెక్క ఉన్నది. ఆదికవులకు ఈ స్పృహ ఉండగా, తరువాతి వీరకావ్యాలు క్రమంగా దానిని వదులుకుని శౌర్యాన్ని మాత్రమే మిగుల్చుకున్నాయి.

పల్నాటి వీరగాథ ఇందుకు ముఖ్యమైన మినహాయింపు. శ్రీనాథుడు ద్విపదలో చెప్పిన ఆ కథలో బ్రహ్మనాయుని చాపకూడు కేంద్రస్థానం వహించింది. వేర్వేరు కులాల వీరులు ఒకే చాపమీద వడ్డించిన అన్నాన్ని కలిసి తినడం అందులోని ప్రత్యేకత. కారెంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాలలో చాపకూడు నేటికీ ఒక ఘట్టం. కత్తి పట్టడానికి ముందు అన్నం దగ్గర ఒక నిర్ణయం జరగాలని ఆ గాథ గుర్తించింది. ఈ గాథను మనస్సులో ఉంచుకుని సూరత్ విడిదిని ఊహిస్తే తేడా స్పష్టమవుతుంది. అక్కడ ఒకే కోటు, ఒకే తుపాకి, ఒకే అడుగు; పొయ్యిలు మాత్రం వందలు. కంపెనీ కవాతును ఏకం చేసి, అన్నాన్ని దాని మానాన వదిలివేసింది. ఆ ఏర్పాటు ఆనాటికి అనుకూలంగా తోచింది. ఎనభై సంవత్సరాల తరువాత తూటాల కొవ్వు విషయంలో అదే అన్నం, అదే ఆచారం సైన్యాన్ని కుదిపివేశాయి. విడిదిలోని వంటను చిన్న విషయంగా భావించిన చరిత్రకు ఆ తిరుగుబాటు కారణాలు సగమే అర్థమవుతాయి.

దండు నడకను పోలిన నడకను తెలుగు గద్యంలో నమోదు చేసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి, పెద్ద పరివారంతో కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణ వివరాలు 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. ఆయన సైనికుడు కాడు. అయినా డేరాలు, బోయీలు, మజిలీలు, నదులు దాటే ఓడలు, దారిలోని ఆంగ్ల దండులు – అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఏ ఊరిలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ సరుకులు దొరకవు అన్నది ఆయన విడువకుండా వ్రాశాడు. సాహిత్య విమర్శలో ఈ వివరాలను సాంఘిక చరిత్రకు పనికివచ్చే సమాచారంగా మాత్రమే పేర్కొనడం వాడుక. వాటిలో ఒక గద్యశైలి ఉన్నదన్న సంగతిని గుర్తించవలసి ఉన్నది. వందమందికి అన్నం సమకూర్చవలసిన బాధ్యత ఉన్న మనిషి చూపు అది. దండు జీవితాన్ని వ్రాయదలచిన తెలుగు రచయితకు మాదిరి దొరికేది వీరకావ్యాలలో కంటె ఈ యాత్రాగ్రంథంలోనే.

ఆధునిక కవిత్వంలో ఈ లోటును ముందుగా ప్రశ్నరూపంలో పెట్టినవాడు శ్రీశ్రీ. 'మహాప్రస్థానం'లోని 'దేశచరిత్రలు' ఖండిక, రాజుల దండయాత్రల వెనుక నడిచిన మామూలు మనుషులు ఎక్కడ అని చరిత్రను నిలదీసింది. తెలుగువారు ఆ ప్రశ్నను కంఠస్థం చేశారు. సమాధానం వెదికినవారు తక్కువ. దేవరకొండ బాలగంగాధర తిలక్ కవిత 'సైనికుడి ఉత్తరం' ఆ దిశగా వేసిన ముఖ్యమైన అడుగు. కవి మరణానంతరం 1968లో వెలువడిన 'అమృతం కురిసిన రాత్రి' సంపుటిలో ఇది చేరింది. ఉత్తరం అనే రూపాన్ని ఎన్నుకోవడంలోనే తిలక్ ప్రతిభ ఉన్నది. సైనికుడు యుద్ధంలో ఉండగా తనదిగా నిలుపుకోగల ప్రక్రియ ఉత్తరమొక్కటే. ఆ కవిత చదివిన తరువాత సైనికుణ్ణి పటంలోని గుర్తుగా చూడడం కష్టం.

అయినా అది కవి సృష్టించిన ఉత్తరమన్న సంగతి మరువరాదు. తిలక్ సైన్యంలో పనిచేసినవాడు కాడు. ఆ కంఠంలో వినిపించే మానవతావాదం తిలక్ కవిత్వమంతటా ప్రవహించేదే. నిజమైన సిపాయి ఉత్తరం బహుశా ఇంత అందంగా ఉండదు. అందులో మనియార్డరు చేరిందా అన్న ప్రశ్న మొదట ఉంటుంది. దుఃఖం చివరి పంక్తిలో, క్షేమసమాచారాల మధ్య నలిగి ఉంటుంది. తిలక్ కవితను గొప్పదనడానికి ఈ వ్యత్యాసం అడ్డురాదు. ఒక గొప్ప కవిత ఒక పెద్ద ఖాళీని నింపినట్లు భ్రమ కలిగిస్తుందని మాత్రం విమర్శ హెచ్చరించాలి.

ఆ ఖాళీని నవల నింపగలదని నిరూపించినవాడు ముల్క్‌రాజ్ ఆనంద్. తండ్రి సైన్యోద్యోగి కావడంతో ఆయన బాల్యం దండులలో గడిచింది. 1940లో వెలువడిన 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' నవలలో పంజాబు రైతుబిడ్డ లాలు తోటివారితో మార్సేయి ఓడరేవులో దిగుతాడు. కందకాలలోకి దిగకముందు గడిచిన శిబిర జీవితానికి నవలాకారుడు విశాలమైన స్థలం ఇచ్చాడు. హవల్దారు మీద గొణుగుడు, తిండి మీద తగాదా, ఫ్రెంచి రైతు కుటుంబం దగ్గర పొందిన ఆదరం – వీటితో పరిచయమైన మనుషులు తరువాత ఒక్కొక్కరే రాలిపోతే ఆ నష్టం పాఠకునికి తెలుస్తుంది. మామూలు రోజులను ఓపికగా వ్రాయడంవల్లనే మరణానికి బరువు వచ్చింది. అయితే ఆనంద్ కూడా ఆంగ్లంలోనే వ్రాశాడు. సిపాయి మాట మళ్ళీ అదే భాషలో వినవలసి వచ్చింది.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ రావచ్చు. విడిది జీవితం విసుగు పుట్టించేది. విసుగును వ్రాస్తే సాహిత్యం అవుతుందా? విసుగును విసుగుగా వ్రాస్తే కాదు. దానిలోని భయాన్ని, చిల్లర లెక్కను, స్నేహాన్ని వెలికితీస్తే అవుతుంది. అంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. దండు వెనుక భాగాన్ని ఆత్మీయంగా వ్రాస్తే, ఆ దండు ఎవరి ధాన్యం తిన్నదో మరుగున పడుతుంది. సూరత్ ప్రజలు సైన్యాల రాకను బాగా ఎరిగినవారు. 1664లోను, 1670లోను శివాజీ సేనలు ఆ నగరాన్ని కొల్లగొట్టాయి. గుజరాతు గ్రామాలకు మరాఠా సేన, కంపెనీ సేన రెండూ గడ్డివాములను ఖాళీచేసేవే. సిపాయి పొయ్యిలోని కట్టె ఏ రైతు దొడ్డిదో కూడా చెప్పిన రచనే నిజమైన దండు చిత్రణ. సానుభూతి ఒక్క పక్షానికే చెందితే అది మరో రకం వీరపూజ.

సూరత్ నగరంలో నేటికీ ఆంగ్ల వర్తకుల సమాధులు గుమ్మటాలతో, మంటపాలతో నిలిచి ఉన్నాయి. 1669లో మరణించిన జార్జి ఆక్సెండెన్ సమాధి వాటిలో ప్రసిద్ధమైనది. పురావస్తు శాఖ వాటిని రక్షిస్తున్నది, రక్షించవలసినదే. పది నెలల విడిదిలో జ్వరానికో విరేచనాలకో మరణించిన సిపాయికి అటువంటి గుర్తు ఏదీ లేదు. అదే నగరంలో నేడు మరమగ్గాల వాడలలో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. ఒకనాడు తుపాకి పట్టినవాని పేరుగా అక్కడికి చేరిన తెలుగు, నేడు నేతగాని ఇంటి భాష. ఈ నేతగాండ్రు ఇంటికి వ్రాసుకున్న సంగతులకు పట్టబోయే గతి, సిపాయి మాటలకు పట్టిన గతి కాకూడదు.

ఇక్కడ విమర్శ ఒక కర్తవ్యాన్ని సూచించవలసి ఉన్నది. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరం గ్రామాన్ని ప్రజలు మిలిటరీ మాధవరంగా పిలుస్తారు. రెండు ప్రపంచయుద్ధాలలోను అక్కడి యువకులు సైన్యంలో చేరారు. ఆ సంప్రదాయం తరువాత కూడా కొనసాగింది. గ్రామంలో స్మారకచిహ్నం ఉన్నది. స్మారకం మీద చెక్కేది మరణించినవారి పేరు. బ్రతికినన్నాళ్ళూ ఆ మనిషి వ్రాసినది ఉంటే, అది ఇంటి ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఇటువంటి కుటుంబాలలో ఇన్‌లాండు కవరో, జీతం పుస్తకమో, పోస్టుకార్డో మిగిలి ఉంటే, అది సీతారాం గ్రంథానికి లేని మూలప్రతితో సమానం: సెన్సారు నకలు కాని మాట, కవి ఊహించని వాక్యం, స్వయంగా తెలుగు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, రాష్ట్ర అభిలేఖాగారాలు కుటుంబాల అనుమతితో వాటిని సేకరించి, అక్షరదోషాలతో సహా యథాతథంగా భద్రపరచడం సాధ్యమైన పని. కాగితం ఎక్కువకాలం ఆగదు కనుక ఆలస్యం చేయకూడని పని కూడా.

అటువంటి సంకలనం వెలువడిననాడు విమర్శకులు దానిని చరిత్ర విభాగానికి పంపి చేతులు దులుపుకోరాదు. వాక్యం ఎక్కడ ఆగింది, ఏ సంగతి చెప్పకుండా దాటవేయబడింది, క్షేమమన్న మాట ఎన్నిసార్లు వచ్చింది అని సాహిత్యాన్ని చదివినట్లే చదవాలి. సూరత్ విడిదిలోని పది నెలలు తిరిగి రావు. అక్కడి తిలంగా ఏమి తలచుకున్నాడో ఎవరూ చెప్పలేరు. తెలుగువారి పేరును అతడు తనకు తెలియకుండానే మోశాడు. ఆ తరువాత తెలుగు ఇళ్ళనుంచి సైన్యానికి వెళ్ళినవారి మాటనైనా వారి భాషలోనే వినడం ఆ పేరుకు తెలుగు సాహిత్యం తీర్చవలసిన బాకీ.